లోచెవి అబద్ధాన్ని పట్టేసిన ముల్లు

మేఘంలో చిక్కిన పైలట్‌కు నేల కనిపించదు, ఆకాశమూ కనిపించదు. విమానం ఎటు తిరుగుతోందో లోచెవిలోని ద్రవం చెప్పాలి. అది చెప్పేది అబద్ధం కావచ్చు. 1926లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్రిస్సీ ఫీల్డ్‌లో డాక్టర్ డేవిడ్ మయర్స్ ఈ సంగతి రుజువు చేశాడు. విలియం ఆకర్ అనే ఆరితేరిన సైనిక పైలట్‌ను కళ్లు మూయించి, తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి తిప్పాడు. కుర్చీ వేగం తగ్గగానే ఆకర్‌కు తాను ఎదురు దిక్కున తిరుగుతున్నట్టు అనిపించింది. మళ్లీ వచ్చినప్పుడు ఆకర్ ఒక పెట్టె తెచ్చుకున్నాడు. అందులో టర్న్ ఇండికేటర్, ఒక చిన్న లైటు. పెట్టెలోకి చూస్తూ తిరిగాడు, ఈసారి జవాబులన్నీ సరిగ్గా చెప్పాడు. విమానయానాన్ని మలుపు తిప్పిన పరీక్షల్లో దీనికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో స్పెరీ సంస్థ తయారు చేసిన ఆ పరికరంలో ఉన్నది ఒక బొంగరం. దాని ఇరుసు రెక్కల వెంట అడ్డంగా ఉంటుంది. విమానం తిరిగితే బొంగరం చట్రం పక్కకు ఒరుగుతుంది, స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెంటి పెనుగులాట ఎక్కడ తేలుతుందో ముల్లు అక్కడ నిలుస్తుంది. చిన్న విమానాల్లో ముల్లు గుర్తు మీద ఉంటే సెకనుకు 3 డిగ్రీలు, అంటే 2 నిమిషాల్లో ఒక పూర్తి చుట్టు. తర్వాత వచ్చిన టర్న్ కోఆర్డినేటర్‌లో చట్రాన్ని కాస్త ఏటవాలుగా బిగించారు. అందుకే అది విమానం పక్కకు ఒరగడాన్నీ పసిగడుతుంది. ముక్కు పైకి లేచిందా, కిందికి దిగిందా అన్నది మాత్రం దానికి తెలియదు.

దీని జబ్బు పట్టుకోవడానికి వాచీ చాలు. గాలి నిలకడగా ఉన్న రోజు ముల్లును గుర్తు మీద నిలిపి ఒక చుట్టు తిరగండి. 2 నిమిషాల కంటే బాగా ముందే చుట్టు పూర్తయిందంటే ముల్లు తక్కువ చూపిస్తోందన్నమాట. అరిగిన బేరింగ్, బలహీనపడిన వ్యాక్యూమ్, తగ్గిన వోల్టేజీ, వీటిలో ఏదైనా బొంగరం వేగాన్ని తగ్గించి ఉండొచ్చు. స్ప్రింగు సర్దుబాటు తప్పినా ఇలాగే జరుగుతుంది. కరెంటుతో నడిచే చాలా పరికరాల్లో కరెంటు పోతే ఎర్ర జెండా కనిపిస్తుంది. కానీ జెండా లేదు కదా అని బేరింగ్ బాగుందనుకోకూడదు. ఇంజన్ ఆపాక స్విచ్ కట్టేసి చెవి ఒగ్గి వినండి. బొంగరం సన్నటి ఈలతో మెల్లగా ఆగాలి. గరగరమంటే మరమ్మతుకు పంపాల్సిందే.

పరికరంలో ముల్లు కింద గాజు గొట్టంలో ఒక గోళీ కూడా ఉంటుంది. దానికి బొంగరంతో సంబంధం లేదు. విమానం చదునైన నేల మీద ఉన్నప్పుడు గోళీ పక్కకు జరిగి ఉంటే, ముందుగా పానెల్‌లో పరికరం వంకరగా బిగించారేమో చూడాలి.

టాక్సీ చేస్తూ ఎడమకు తిరిగినప్పుడు ముల్లు ఎడమకు, గోళీ కుడికి పోవాలి. అలా పోకపోతే ఆ రోజు మేఘాల జోలికి వెళ్లకండి.