కాలవిలంబ నియంత్రణ వ్యవస్థ

కాలవిలంబ నియంత్రణ వ్యవస్థ అనగా ఒక రాశిని కొలిచిన తరువాత, ఆ కొలత ఆధారంగా చేసిన సవరణ ఫలితం కొంత ఆలస్యంగా అందే నియంత్రణ వ్యవస్థ. ఈ ఆలస్యాన్ని కాలవిలంబం అంటారు. సవరణ సరైనదే అయినా, అది వేళ తప్పి అందితే లోపాన్ని తగ్గించడానికి బదులు పెంచవచ్చు. అందువలన ఇటువంటి వ్యవస్థల రూపకల్పనలో స్థిరత్వ పరిశీలన ముఖ్యమైనది.

విలంబానికి కారణాలు

గొట్టంలో ద్రవం ప్రవహించడానికి, కొలత పరికరం స్పందించడానికి, సంకేతం ప్రయాణించడానికి కొంత కాలం పడుతుంది. భూమి నుండి చంద్రునికి రేడియో సంకేతం చేరడానికి సుమారు 1.3 సెకన్లు, వెళ్ళి రావడానికి సుమారు 2.6 సెకన్లు కావాలి. 1970లో చంద్రునిపై దిగిన సోవియట్ వాహనం లూనోఖోద్-1ను భూమిపైనున్న చోదకులు ఈ ఆలస్యంతోనే నడిపారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండరు చివరి దశలో భూమి నుండి ఆదేశాలకు ఎదురుచూడక తనంతట తానే దిగడానికి ఈ ఆలస్యం ఒక కారణం.

ఒక ఉదాహరణ

ఒక తొట్టిలోని నీటిమట్టాన్ని ఒకే స్థాయిలో నిలపాలనుకుందాం. నీటిని వదిలే కవాటం దూరంగా ఉన్నందున సవరించిన ప్రవాహం తొట్టిని చేరడానికి 10 సెకన్లు పడుతుంది. మట్టం సరైన స్థాయికి రాగానే కవాటాన్ని సరిచేసినా, అంతకుముందు వదిలిన అదనపు నీరు ఇంకా వస్తూనే ఉంటుంది. అందువలన మట్టం హద్దు దాటుతుంది.

ఇక్కడ మట్టంలోని లోపం మారే రేటు, 10 సెకన్ల క్రితం నాటి లోపానికి అనుపాతంలో, వ్యతిరేక దిశలో ఉంటుంది. ఈ అనుపాత స్థిరాంకాన్ని గెయిన్ అంటారు. విలంబం లేకపోతే గెయిన్ ఎంత పెంచినా ఈ వ్యవస్థ స్థిరంగానే ఉంటుంది. విలంబం ఉన్నప్పుడు గెయిన్, విలంబాల లబ్ధంపై ఫలితం ఆధారపడుతుంది:

* లబ్ధం సుమారు 0.368 మించకపోతే లోపం డోలనాలు లేకుండా తగ్గుతుంది.
* 0.368 కంటే ఎక్కువై, 1.57 కంటే తక్కువైతే (1.57 అనగా పై విలువలో సగం) డోలనాలు కలిగి క్రమంగా అణగిపోతాయి.
* 1.57 దాటితే డోలనాలు పెరుగుతూ పోతాయి.

విలంబం 10 సెకన్లు కాబట్టి గెయిన్ సెకనుకు 0.157 లోపు ఉండాలి. సరిగ్గా ఈ హద్దు వద్ద డోలన ఆవర్తన కాలం విలంబానికి నాలుగు రెట్లు, అనగా 40 సెకన్లు.

వర్ణపటం

వ్యవస్థ యొక్క లాక్షణిక సమీకరణపు మూలాల సమితిని వర్ణపటం అంటారు. ప్రతి మూలం ఒక సంకీర్ణ సంఖ్య. దాని వాస్తవ భాగం పెరుగుదలను లేదా క్షీణతను, కల్పిత భాగం డోలన వేగాన్ని తెలుపుతాయి. విలంబం లేని సాధారణ వ్యవస్థలో ఈ సమీకరణం బహుపది కనుక మూలాలు పరిమితం. విలంబం వలన ఘాతీయ పదం చేరి మూలాలు అనంతమవుతాయి.

అయితే పై ఉదాహరణ వంటి వ్యవస్థలలో సంకీర్ణ తలంపై ఏ నిలువు గీత గీసినా దానికి కుడివైపున పరిమిత సంఖ్యలోనే మూలాలుంటాయి. కాబట్టి అన్నిటికంటే కుడివైపునున్న మూలం యొక్క వాస్తవ భాగం ఋణాత్మకమైతే వ్యవస్థ స్థిరం. విలంబాన్ని క్రమంగా మార్చినప్పుడు మూలాలు కూడా క్రమంగా కదులుతాయి. ఏదైనా మూలం కల్పిత అక్షాన్ని దాటినప్పుడే స్థిరత్వం మారగలదు. కనుక అక్షంపై మూలాలు పడే సందర్భాలను వెదికితే హద్దులు తెలుస్తాయి.

గత కాలపు విలువతో పాటు గత కాలపు మార్పు రేటు కూడా ప్రవేశించే వ్యవస్థలలో ఈ సౌలభ్యం ఉండదు. వాటిలో అనంతమైన మూలాలు ఒక నిలువు గీత దరిదాపులలో వరుసగా ఉండవచ్చు. ఒకటి కంటే ఎక్కువ విలంబాలున్నప్పుడు, వాటిలో అతి స్వల్పమైన మార్పు కూడా స్థిరత్వాన్ని పోగొట్టే సందర్భాలున్నాయి.

పద్ధతులు

1932లో హ్యారీ నైక్విస్ట్ ప్రకటించిన స్థిరత్వ నియమం పౌనఃపున్య స్పందనపై ఆధారపడినందున విలంబమున్న వ్యవస్థలకూ వర్తిస్తుంది. ఘాతీయ పదాలతో కూడిన ఇటువంటి సమీకరణాల మూలాలపై 1942లో లెవ్ పాంట్రియాగిన్ ముఖ్య సిద్ధాంతాలు వెలువరించాడు. నేడు కుడివైపు మూలాలను కంప్యూటరుతో లెక్కిస్తారు.

1957లో ఓటో స్మిత్ ప్రతిపాదించిన స్మిత్ ప్రిడిక్టరు, ప్రక్రియ యొక్క గణిత నమూనా ద్వారా ఫలితాన్ని ముందుగా అంచనా వేసి సవరణ చేస్తుంది. నమూనాలోని విలంబం అసలు విలంబానికి సరిపోకపోతే ఈ పద్ధతిలోనూ అస్థిరత్వం కలుగవచ్చు. ఏ పద్ధతి అవలంబించినా, ఇప్పుడు చేసిన సవరణ విలంబ కాలం గడవక ముందు ఫలించదు. ఆ కాలంలో కలిగే లోపాన్ని ఫీడ్‌బ్యాక్ నివారించలేదు.