ఎముకలు ఎన్ని? జంతువులు ఎన్ని?

నాలుగేళ్ల పిల్ల ఒకటి నుంచి ఇరవై దాకా గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పేస్తే ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. అదే పిల్ల ముందు చింతగింజలు పోసి ‘అయిదు గింజలు ఇవ్వమ్మా’ అని అడిగితే, చాలాసార్లు గుప్పెట్లో ఎన్ని పడితే అన్ని తీసి ఇస్తుంది. ఇందులో పిల్ల తప్పేమీ లేదు. అంకెల పేర్లు వరసగా పలకడం ఒక విద్య, ఆఖరున పలికిన అంకె ఆ గుంపు మొత్తం ఎంతో చెబుతుందని గ్రహించడం మరో విద్య. మనస్తత్వ శాస్త్రవేత్త కారెన్ విన్ 1990లోనూ 1992లోనూ ప్రచురించిన పరిశోధనలు ఈ తేడాను స్పష్టంగా చూపించాయి. మొదటిదాని నుంచి రెండోదానికి చేరడానికి పిల్లలకు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. అంతకు ముందే, 1978లో, గెల్‌మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కపెట్టడం వెనక ఉన్న సూత్రాలను వివరించారు. ఒక్కో వస్తువుకు ఒక్కటే అంకె. అంకెల వరస మారకూడదు. ఏ వైపు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. పెద్దవాళ్లకు ఇవి విడమరిచి చెప్పాల్సిన సంగతులుగానే తోచవు. పిల్లలు మాత్రం వీటిని ఒక్కొక్కటిగా తమంతట తాము పట్టుకోవాలి.

అలా పట్టుకోవడానికి మన చిన్న తరగతుల్లో చోటు తక్కువ. ఎల్‌కేజీలోనే పలక నిండా అంకెలు, యూకేజీకి వచ్చేసరికి ఎక్కాలు. పోల్చడం, వేరుచేయడం, వరసలో పేర్చడం, కొలవడం వంటివి ఆటల కింద జమ అవుతాయి, పరీక్షలో రావు కాబట్టి వెనక్కి పోతాయి. నిజానికి తొలి గణితమంటే అవే. గ్రెగ్ డంకన్ బృందం అమెరికా, బ్రిటన్, కెనడాల్లో పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన ఆరు పెద్ద అధ్యయనాలను కలిపి పరిశీలించి 2007లో ఫలితాలు ప్రచురించింది. బడిలో చేరేనాటి నైపుణ్యాల్లో తర్వాతి చదువును అన్నిటికన్నా గట్టిగా సూచించినది గణితమేనని తేలింది. ఇది కార్యకారణ సంబంధాన్ని రుజువు చేయదు, నిజమే. అయినా ఆ వయసు గణితాన్ని తేలిగ్గా తీసుకోకూడదనడానికి ఈ మాత్రం ఆధారం చాలు. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా మూడో తరగతి ముగిసేలోగా చదవడం, రాయడం, లెక్కలు రావాలనే లక్ష్యం పెట్టుకుంది.

ఇక్కడే డైనోసార్ పనికొస్తుందని నా వాదన. అయితే ఏ పనికి, ఏ పనికి కాదు అన్నది తేల్చుకోవాలి. వర్క్‌షీటులో కూడిక పక్కన నవ్వుతున్న రాక్షసబల్లి బొమ్మ అచ్చేసినంత మాత్రాన కూడిక సులువు కాదు. ఆ జంతువు గురించి పిల్లలకు కలిగిన ప్రశ్నకు లెక్క వేస్తే తప్ప జవాబు రాదు అన్నప్పుడే అది గణితానికి సాయం చేస్తుంది. ఇష్టం ఉన్నచోట పిల్లల బుర్ర ఎంత క్రమంగా పనిచేస్తుందో చెప్పే పరిశోధన ఒకటుంది, అదీ డైనోసార్ల మీదే. మిషెలిన్ చీ, రాండీ కోస్కె 1983లో నాలుగున్నరేళ్ల పిల్లవాడొకడి డైనోసార్ పరిజ్ఞానాన్ని పటంలా గీసి చూశారు. అతనికి బాగా తెలిసిన 20 డైనోసార్లు, అంతగా తెలియని 20 డైనోసార్లు తీసుకుంటే, బాగా తెలిసినవి ఏం తింటాయి, ఎలా కాపాడుకుంటాయి వంటి లక్షణాలతో గుంపులుగా అల్లుకుని ఉన్నాయి. జ్ఞాపకం కూడా వాటి విషయంలోనే మెరుగ్గా ఉంది. పేర్లు వల్లెవేస్తున్నట్టు పైకి కనిపించిన ఆ పిల్లవాడి తలలో జరుగుతున్నది వర్గీకరణ. గణితానికి అదొక పునాది.

లెక్క వేయక తప్పని ప్రశ్నకు మంచి ఉదాహరణ మన దగ్గరే ఉంది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, కోట శిలలు అనే జురాసిక్ కాలపు రాళ్లలో, భారత భూవైజ్ఞానిక సర్వే శాస్త్రవేత్తలకు ఒక శాకాహార డైనోసార్ ఎముకలు కుప్పలుగా దొరికాయి. పి. యాదగిరి 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ ఎముకలతో కూర్చి నిలబెట్టిన అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. దొరికిన ఎముకలు 800 పైచిలుకు. అవి కనీసం 12 జంతువులవని శాస్త్రవేత్తలు చెప్పారు. కలగాపులగంగా పడి ఉన్న ఎముకలను చూసి జంతువులు ఎన్నో ఎలా చెబుతారు? శిలాజ శాస్త్రంలో దీనికి మామూలుగా వాడే పద్ధతి ఉంది. ఒక జంతువుకు ఎడమ తొడ ఎముక ఒక్కటే ఉంటుంది. కుప్పలో ఎడమ తొడ ఎముకలు మూడుంటే జంతువులు మూడుకు తక్కువ ఉండవు. ఒక్కోదానికి ఒక్కటి అన్న సూత్రం ఇదే కదా. అట్టముక్కలతో ఎముకలు కత్తిరించి, ఒక పెట్టెలో కలిపి పోసి, ‘ఇందులో ఎన్ని జంతువులున్నాయి?’ అని అడిగితే అయిదారేళ్ల పిల్లలు ముందు అన్నిటినీ లెక్కపెడతారు, ఆ జవాబు ఎందుకు కుదరదో చర్చించుకుంటారు, మెల్లగా కాళ్లను వేరుచేస్తారు. ‘మూడు’ అనడానికీ ‘కనీసం మూడు’ అనడానికీ తేడా కూడా అక్కడే తెలుస్తుంది. ఏ పెద్ద పాఠ్యపుస్తకమూ ఆ వయసులో ఇంత లోతైన ఆలోచనను ఇంత సహజంగా తేలేదు.

కొలతల సంగతీ అంతే. అదే కోట శిలల్లో దొరికిన బరపాసారస్ అనే మరో డైనోసార్ తొడ ఎముక పొడవు సుమారు 1.7 మీటర్లు. అంత పొడవు తాడు నేలమీద పరిచి, పక్కన ఒకటో తరగతి పిల్లను పడుకోబెడితే ఎముకే పొడుగు! ఆ తాడు ఎన్ని జానలో, ఎన్ని అడుగులో పిల్లలు కొలిచినప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వస్తుంది. అప్పుడు అందరికీ ఒకే కొలబద్ద ఎందుకు కావాలో టీచరు చెప్పనక్కర్లేదు. డైనోసార్లు 6.6 కోట్ల ఏళ్ల కిందట అంతరించాయి అన్న అంకె మాత్రం ఈ వయసుకు వట్టి శబ్దమే. దాన్ని పెద్ద తరగతులకు వదిలేయవచ్చు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం పరిశోధనల నుంచే వస్తుంది. ఆకర్షణీయమైన వస్తువులు దృష్టిని లెక్క మీది నుంచి వస్తువు మీదికి లాగేస్తాయి. పీటర్సన్, మెక్‌నీల్ 2013లో బడిముందు వయసు పిల్లల మీద చేసిన అధ్యయనంలో, రంగూ రూపూ ఉన్న వస్తువుల గురించి పిల్లలకు అప్పటికే బాగా తెలిసి ఉంటే వాటితో లెక్కపెట్టడం దెబ్బతిన్నది. అంతగా తెలియని వస్తువులైతే ఆ ఆకర్షణే సాయపడింది. అదే ఏడాది కమిన్‌స్కీ, స్లౌట్‌స్కీ ప్రచురించిన ప్రయోగంలో, పట్టీల గ్రాఫులో బొమ్మలు నింపి ఇస్తే చాలామంది చిన్నపిల్లలు పట్టీ ఎత్తు చూడడం మానేసి బొమ్మలు లెక్కపెట్టారు. అంటే డైనోసార్లంటే ప్రాణం పెట్టే పిల్లవాడికే ప్లాస్టిక్ డైనోసార్లతో లెక్క తప్పే ప్రమాదం ఎక్కువ. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను, అందుకే డైనోసార్‌ను ప్రశ్నలో ఉంచి, చేతికి మాత్రం సాదా వస్తువులు ఇవ్వాలంటాను. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో డైనోసార్ల 92 గూళ్లు, వాటిలో 256 గుడ్లు బయటపడ్డాయని 2023లో ప్రచురితమైంది. ఆ కథ చెప్పి, నాలుగు మట్టి మూకుళ్లను గూళ్లనీ చింతగింజలను గుడ్లనీ అనుకుందామంటే సరిపోతుంది. పన్నెండు గుడ్లు నాలుగు గూళ్లలో సమంగా పెట్టాలంటే ఒక్కోదానిలో ఎన్ని? గింజ గింజగానే ఉంటుంది, దృష్టి చెదరదు, అడిగిన ప్రశ్న మాత్రం బతికే ఉంటుంది.

ఆటలకూ ఇదే వర్తిస్తుంది. సీగ్లర్, రమణి 2008లో పేద కుటుంబాల పిల్లలతో ఒకటి నుంచి పది దాకా అంకెలున్న గడులు వరసగా గీసిన ఆట ఆడించారు. మొత్తం కలిపి గంటసేపు ఆడినందుకే సంఖ్యల అవగాహన బాగా పెరిగింది. గడుల్లో అంకెలకు బదులు రంగులు పెట్టిన ఆట ఆడినవారికి ఆ లాభం రాలేదు. కాబట్టి గడి మీద డైనోసార్ ఉందా లేదా అన్నదాని కన్నా అంకె ఉందా, జరుపుతూ పిల్ల దాన్ని పైకి పలుకుతోందా అన్నదే టీచరు చూడాలి.

మన పిల్లలకు కోళ్లు, మేకలు, గేదెలు ఉండగా ఎప్పుడో పోయిన జంతువు ఎందుకని అడిగేవారుంటారు. లెక్కపెట్టడానికి కోడిపిల్లలు భేషుగ్గా పనికొస్తాయి, వాడాలి కూడా. కానీ కళ్లముందున్న మేకకు కాళ్లెన్నో ఊహించి చెప్పాల్సిన పని ఎవరికీ లేదు. డైనోసార్‌ను చూసినవారు లేరు. టీచరూ పిల్లలూ అందరూ ఆధారాల నుంచే తేల్చుకోవాలి. ఖర్చు అంటారా, అట్టముక్కలు, తాడు, గింజలు, మూకుళ్లు అంగన్‌వాడీకీ భారం కావు. మరో అభ్యంతరం ఇంకా విలువైనది. డెలోషే బృందం 2007లో గమనించినట్టు, ఇలాంటి గాఢమైన ఇష్టాలు దాదాపు మూడోవంతు చిన్నపిల్లల్లోనే కనిపిస్తాయి, అందులోనూ మగపిల్లలే ఎక్కువ. ఇది మగపిల్లల పాఠం అన్న భావన ఆడపిల్లలకు ఒక్కసారి కలిగితే గణితమూ వాళ్లకు దూరమవుతుంది. అందువల్ల కోరలు, పోట్లాటలతో మొదలుపెట్టకుండా గూళ్లతో, మందలతో, అడుగుజాడలతో మొదలుపెట్టడం మేలు. ఎముకల పెట్టె తెరిచే అవకాశం అందరికీ వంతులవారీగా రావాలి. రెండు మూడు వారాలకు మించి ఒకే అంశాన్ని సాగదీయకూడదు కూడా.

ఆ వారాలు గడిచాక నేర్చుకున్నది డైనోసార్ దగ్గరే ఆగిపోయిందా, ముందుకు నడిచిందా అని చూడడానికి టీచరుకు వర్క్‌షీటు అక్కర్లేదు. అంగన్‌వాడీ గుమ్మం బయట చెప్పులు కుప్పగా విడిచి ఉంటాయి. లోపలికి చూడకుండా, చెప్పులను బట్టే లోపల కనీసం ఎంతమంది ఉన్నారో చెప్పమని పిల్లలను అడగాలి. ఎడమకాలి చెప్పులను మాత్రమే ఏరి లెక్కపెట్టే పిల్లకు ఆ సూత్రం వంటబట్టినట్టే. అన్నీ లెక్కపెట్టే పిల్లకు మరికొన్నాళ్లు ఎముకల పెట్టె కావాలి.