సర్వర్‌ని ఆపేటప్పుడు: షటర్ ముందా, స్టవ్ ముందా?

మీకు ఎప్పుడో ఒకసారి ఇలా అయ్యే ఉంటుంది. పేమెంట్ కొట్టారు, డబ్బులు కట్ అయ్యాయి, యాప్‌లో మాత్రం ఆర్డర్ కనపడట్లేదు. దీనికి కారణాలు చాలా ఉంటాయి. అందులో ఒకటి నా చేతులతో నేనే చేశాను. ఈరోజు ఎపిసోడ్ దాని మీదే.

నా మొదటి ఉద్యోగంలో రోజుకి రెండు మూడు సార్లు డిప్లాయ్ చేసేవాళ్లం. అంటే పాత సర్వర్ ప్రాసెస్‌ని ఆపి, కొత్త కోడ్‌తో ఇంకోటి లేపడం. అలా చేసినప్పుడల్లా ఒకటో రెండో ఆర్డర్లు మాయం! లాగ్స్‌లో చూస్తే, డేటాబేస్ కనెక్షన్ క్లోజ్ అయిపోయిందని ఎర్రర్. డేటాబేస్ చూస్తేనేమో శుభ్రంగా ఉంది. రెండు రోజులు దాన్నే తిట్టుకున్నాం.

తప్పు నేను రాసిన షట్‌డౌన్ కోడ్‌లో ఉంది. స్టార్ట్ చేసేటప్పుడు ముందు డేటాబేస్, తర్వాత క్యాష్, చివర్లో హెచ్‌టీటీపీ సర్వర్. అది కరెక్టే. కానీ ఆపేటప్పుడు కూడా అదే వరుస పెట్టేశాను.

రాత్రి టిఫిన్ సెంటర్ ఎలా మూస్తారు? ముందు షటర్ సగం దించుతారు, కొత్తవాళ్లు రారు. లోపల కూర్చున్నవాళ్లకి వడ్డించాకే స్టవ్ ఆపుతారు. నేనేమో ముందే స్టవ్ ఆపేసి, దోసె చెప్పినవాళ్లని బల్ల దగ్గర కూర్చోబెట్టాను. అదీ డబ్బులు తీసుకుని మరీ!

కాబట్టి ఆపేది రివర్స్‌లో. ముందు హెచ్‌టీటీపీ సర్వర్ కొత్త రిక్వెస్టులు తీసుకోవడం ఆపాలి, లోపల ఉన్నవి పూర్తవ్వాలి, ఆ తర్వాతే క్యాష్, డేటాబేస్. గో లాంగ్వేజ్‌లో దీనికి 'షట్‌డౌన్' అనే ఫంక్షన్ 1.8 వెర్షన్ నుంచి, అంటే 2017 నుంచి ఉంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. దాన్ని పిలవగానే 'లిసెన్ అండ్ సర్వ్' వెంటనే రిటర్న్ అయిపోతుంది. అయిపోయిందిలే అనుకుని మెయిన్ ఫంక్షన్ బయటికొచ్చేస్తే, మిగతా రిక్వెస్టులు మధ్యలోనే చచ్చిపోతాయి. 'షట్‌డౌన్' రిటర్న్ అయ్యేదాకా ఆగాలన్నమాట.

ఇంతకీ ఆగమని సర్వర్‌కి ఎవరు చెప్తారు? సిగ్‌టర్మ్ అనే సిగ్నల్. డాకర్‌లో ఇది వచ్చాక మామూలుగా 10 సెకన్లు, కుబర్నెటీస్‌లో 30 సెకన్లు టైమ్ ఇస్తారు. అప్పటికీ ఆగకపోతే సిగ్‌కిల్. దాన్ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు. మీ కంటైనర్ ఆగడానికి ప్రతిసారీ కచ్చితంగా 10 సెకన్లే పడుతోందా? అయితే సిగ్నల్ మీ ప్రోగ్రామ్ దాకా రావట్లేదేమో చూడండి. కొన్నిసార్లు మధ్యలో షెల్ కూర్చుని దాన్ని మింగేస్తుంది.

కుబర్నెటీస్‌లో ఇంకోటి. సిగ్‌టర్మ్ పంపడం, ట్రాఫిక్ లిస్టులోంచి మన పాడ్‌ని తీసేయడం, రెండూ ఒకేసారి మొదలవుతాయి. అందుకే షటర్ దించాక కూడా కాసేపు కస్టమర్లు వస్తూనే ఉంటారు. ప్రీస్టాప్‌లో కొన్ని సెకన్ల స్లీప్ పెడతారు. చూడ్డానికి జుగాడ్‌లా ఉంటుంది, కానీ పనిచేస్తుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా మాకు ఒక ఆర్డర్ పోయింది. మెమరీ నిండిపోయి లైనక్సే ప్రాసెస్‌ని చంపేసింది, సిగ్‌టర్మ్ లేదు ఏం లేదు. అప్పుడు పేమెంట్‌కి ముందే ఆర్డర్‌ని 'పెండింగ్' అని డేటాబేస్‌లో రాయడం మొదలుపెట్టాం. సర్వర్ లేచాక పాత పెండింగ్‌లన్నీ తీసి, ఈ డబ్బులు వచ్చాయా అని పేమెంట్ గేట్‌వేని అడుగుతుంది. ఆ కోడ్ వచ్చే ఎపిసోడ్‌లో కలిసి రాద్దాం. ఉంటా మరి, బై.