మీకు తెలుసా? అమ్మ కోసం పుట్టిన పరుగు పాఠం

మొదటిసారి 5 కిలోమీటర్ల పరుగుకు దిగేవాళ్లు ఎన్నో దేశాల్లో అనుసరించే ‘కౌచ్ టు 5కే’ ఏ ఒలింపిక్ కోచో తయారుచేసింది కాదు. 1996లో అమెరికా కుర్రాడు జోష్ క్లార్క్ వాళ్లమ్మ చేత పరుగు పెట్టించాలని రాసుకున్న ప్రణాళిక. వారానికి మూడు రోజులు, మొత్తం 9 వారాలు. మొదటిరోజు 5 నిమిషాలు చురుగ్గా నడిచాక, 60 సెకన్లు మెల్లగా పరుగు, 90 సెకన్లు నడక... ఇలా 20 నిమిషాలు. అంటే పరుగుకన్నా నడకే ఎక్కువ! అసలు తిరకాసు ఐదో వారంలో ఉంది. రెండోరోజు ఒక్క దఫాకు 8 నిమిషాలే పరుగెత్తినవాళ్లను మూడోరోజు ఏకబిగిన 20 నిమిషాలు పరుగెత్తమంటుంది. కొత్తవాళ్లు జంకేది అక్కడే. కుదరకపోతే ఆ వారాన్నే మళ్లీ చేయండి, తప్పేం లేదు. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగం చాలు.