కటకం, కాంతి: ఎంపిక

రావిర్యాలలో పొద్దుగూకే వేళ కబడ్డీ ఆటను ఫొటో తీస్తున్నారనుకోండి. కెమెరాతో వచ్చే 18–55 మి.మీ. కటకం 55 వద్ద ఎఫ్/5.6 వరకే తెరుచుకుంటుంది. షట్టరు వేగం సెకనులో 50వ వంతే దొరికితే, కూతకు వెళ్ళిన ఆటగాడు మసకబారతాడు. 50 మి.మీ. ఎఫ్/1.8 కటకం సుమారు పది రెట్ల కాంతిని రానిస్తుంది. అదే ఐఎస్ఓతో వేగం 500వ వంతుకు చేరుతుంది. కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లే కాబట్టి గీత దగ్గర నిలబడితే ఇది చాలు. క్రికెట్‌కైతే టెలిఫొటో కావాలి.

రూపచిత్రానికీ ఇదే కటకం పనికొస్తుంది. వ్యక్తిని ఎండలో కాక, వసారా అంచున నీడలో కూర్చోబెట్టండి. వెలుతురు పడని చెంప వైపు తెల్లని పంచె పట్టించండి, నీడలు మెత్తబడతాయి. ఎఫ్/1.8 వద్ద స్పష్టంగా కనిపించే లోతు తక్కువ కాబట్టి ఫోకస్ కంటిపైనే ఉంచండి.

ఒక్క కటకానికే డబ్బున్నప్పుడు ఎక్కువ జూమ్ కంటే చిన్న ఎఫ్-సంఖ్యనే ఎంచుకోండి.