ఆ మాత్ర మత్తుమందు కాదు

‘ఏడీహెచ్‌డీకి (దృష్టి నిలవకపోవడం, అతిచురుకుదనం) ఇచ్చే మాత్ర డ్రగ్సే. ఇప్పుడు అలవాటు చేస్తే పెద్దయ్యాక మత్తుకు బానిసవుతాడు.’ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఈ మాట నమ్మి, కుదురుకుంటున్న పిల్లలకు కూడా తల్లిదండ్రులు మందు మానిపించేస్తున్నారు. ఆ తర్వాత హోంవర్క్ దగ్గర కేకలు, రోజూ పోయే పెన్సిళ్లు, స్కూలు నుంచి ఫోన్లు మళ్లీ మామూలే. దెబ్బలు తినేది మాత్రం పిల్లలు.

ఆ మాత్ర పేరు మిథైల్‌ఫెనిడేట్, 1944లో తయారైన మందు. స్టిమ్యులెంట్ వర్గానికి చెందినదే, మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం కింద నియంత్రణ ఉన్నదే. పుకారంతా ఈ ఒక్క సంగతి పట్టుకుని లేచింది. ఫిట్స్ వచ్చినప్పుడు పిల్లలకిచ్చే డయాజిపామ్ కూడా ఆ చట్టం పరిధిలోనే ఉంది. దాన్నెవరూ వద్దనరే! చీటీ లేకుండా అమ్మకూడదన్నంత మాత్రాన మందు విషమైపోదు. మిథైల్‌ఫెనిడేట్‌ను పొడి చేసి పీలిస్తే ప్రమాదమే. డాక్టరు చెప్పిన మోతాదులో మింగితే మెదడులో డోపమైన్, నోరాడ్రినలిన్ అనే రసాయనాలు నెమ్మదిగా పెరిగి దృష్టి నిలుస్తుంది. మామూలు మాత్ర ప్రభావం దాదాపు నాలుగు గంటలు. సెలవుల్లో డాక్టర్లే కొందరికి ఆపిస్తారు. ఈ పిల్లలతో అసలు ఇబ్బంది మాత్ర వేసుకోవడం మర్చిపోవడం. బానిసైనవాడు సరుకు మర్చిపోతాడా?

చికిత్స అందని ఏడీహెచ్‌డీయే పెద్దయ్యాక మత్తు అలవాట్ల ముప్పు పెంచుతుంది. స్వీడన్ జాతీయ రికార్డులు పరిశీలిస్తే, మందు వాడినవారిలో ఆ సమస్యలు పెరగలేదు, తక్కువగానే కనిపించాయి.

‘మందేస్తే పిల్లాడు డల్ అయిపోతాడు’ అన్న మాటలో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. మోతాదు ఎక్కువైతే కొందరు మూగనోము పట్టినట్టు ఉండిపోతారు. ఆకలి తగ్గుతుంది, నిద్ర ఆలస్యమవుతుంది, ఎదుగుదల కొద్దిగా మందగించవచ్చు. అందుకే ఎత్తు, బరువు, బీపీ చూస్తూ ఉండాలి. టిఫిన్ పెట్టాకే మాత్ర ఇవ్వండి, రాత్రి భోజనం కడుపునిండా పెట్టండి. డల్‌గా ఉన్నాడనిపిస్తే డాక్టరుకు చెప్పండి. మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు, స్టిమ్యులెంట్ కాని ఆటమాక్సెటిన్ కూడా ఉంది.

తీపి తింటే ఏడీహెచ్‌డీ రాదు. తల్లి పెంపకం వల్లా రాదు, ఎక్కువగా వంశపారంపర్యం. గంటలకొద్దీ గేమ్ ఆడగలిగితే జబ్బు లేనట్టు కాదు, ఇష్టమైనదానికి దృష్టి అతుక్కుపోవడం ఇందులో ఉన్నదే. మగపిల్లలకే వస్తుందనేది తప్పు: అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్లను ఎవరూ గుర్తించరు, అంతే. పెద్దయితే పోతుందన్న భరోసా కూడా లేదు. ఈఎంఐ తేదీలు మర్చిపోయి ఫైన్లు కట్టే ఉద్యోగుల్లోనూ ఇది ఉండవచ్చు.

రక్తపరీక్షతోనో స్కానింగ్‌తోనో ఇది తేలదు. పన్నెండేళ్లలోపే లక్షణాలు మొదలయ్యాయా, ఇంట్లోనూ బడిలోనూ ఉన్నాయా అన్నది డాక్టరు విచారిస్తారు. ఆరేళ్లలోపు పిల్లలకైతే ముందు తల్లిదండ్రులకు శిక్షణ, మందు ఆ తర్వాతే. పెద్ద పిల్లలకు కూడా మాత్ర ఒక్కటే చాలదు. ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచరును అడగండి. లెక్కలన్నీ ఒకేసారి కాకుండా రెండేసి చేయించి కాసేపు లేవనివ్వండి. పుస్తకాల సంచి రాత్రే సర్దించండి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. మందు ఆపాలని మీకు గట్టిగా అనిపిస్తే, రాసిన డాక్టరుతో మాట్లాడి ఆ నిర్ణయం తీసుకోండి.