తెడ్డు ఎంత పొడవుండాలి? మన ఎత్తు కన్నా ముందు పడవ వెడల్పు చూడాలి

సెలవులొస్తే ఇప్పుడు చాలా కుటుంబాలు కయాకింగ్‌కి కూడా వెళ్తున్నాయి. హైదరాబాద్‌లో దుర్గం చెరువు, విశాఖలో రుషికొండ, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకైతే దుబాయ్ హట్టా డ్యామ్, అబుదాబీ మడ అడవులు. టికెట్ కొంటాం, లైఫ్ జాకెట్ వేసుకుంటాం, చేతికందిన తెడ్డు పట్టుకుని నీళ్లలోకి దిగుతాం.

వెళ్లేటప్పుడు హుషారుగానే ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడే కష్టం తెలుస్తుంది. భుజాలు లాగేస్తాయి, పిల్లలు తెడ్డు పక్కన పెట్టేస్తారు, ఎదురుగాలి వస్తే పడవ కదలదు. ఒంట్లో బలం లేకపోవడమే దీనికి కారణం కాదు. తెడ్డు కొలత కుదరకపోయినా ఇలాగే అవుతుంది.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. కయాక్ తెడ్డుకి రెండు చివర్లా రెక్కలుంటాయి. కెనూ తెడ్డుకి ఒక చివర రెక్క, రెండో చివర పిడి ఉంటాయి. అందుకే రెండింటి కొలతా వేరు.

కయాక్‌కి ఎలా?

కయాక్‌లో మనం మధ్యలో కూర్చుంటాం. తెడ్డు రెక్క పడవ అంచు దాటి పూర్తిగా నీళ్లలో మునగాలి. పడవ ఎంత వెడల్పుంటే అంత దూరం చాచాలి. కాబట్టి మొదట చూడాల్సింది పడవ వెడల్పు, ఆ తర్వాతే మన ఎత్తు. తెడ్డు పొడవుని సెంటీమీటర్లలో చెబుతారు. సుమారుగా లెక్క ఇది:

- పడవ వెడల్పు 23 అంగుళాల లోపు: 210 నుంచి 220 సెం.మీ.
- 24 నుంచి 28 అంగుళాలు: 220 నుంచి 230 సెం.మీ.
- 28 నుంచి 32 అంగుళాలు: 230 నుంచి 240 సెం.మీ.
- అంతకన్నా వెడల్పైతే: 240 సెం.మీ., ఆపైన

పొట్టివాళ్లు ఈ లెక్కలో చిన్న అంకె, పొడుగువాళ్లు పెద్ద అంకె తీసుకుంటే చాలు. అంటే వెడల్పు పడవలో కూర్చున్న 5 అడుగుల మనిషికి, సన్నటి పడవలో ఉన్న 6 అడుగుల మనిషి కన్నా పొడవైన తెడ్డు కావాల్సి రావచ్చు. తెడ్డు వేసే తీరు కూడా చూడాలి. తెడ్డుని నిటారుగా ఉంచి వేగంగా వేసేవాళ్లకి కాస్త పొట్టిది, వాల్చి నిదానంగా వేసేవాళ్లకి కాస్త పొడవుది బాగుంటుంది.

తెడ్డు మరీ పొట్టిదైతే వేళ్లు పడవ అంచుకి తగులుతాయి, ప్రతిసారీ పక్కకి ఒంగాల్సి వస్తుంది. మరీ పొడవైతే రెక్క పడవకి దూరంగా పడుతుంది. పడవ నేరుగా వెళ్లకుండా అటూ ఇటూ తిరుగుతుంది, భుజాల మీద భారం పెరుగుతుంది.

చేతులు ఎక్కడ పట్టుకోవాలో తెలియాలంటే తెడ్డుని అడ్డంగా తల మీద పెట్టుకోండి. మోచేతులు ఎల్ ఆకారంలో వంగినప్పుడు చేతులు ఎక్కడుంటే అదే సరైన చోటు.

కెనూకి ఎలా?

ఇక్కడ నిలబడి చూసిన ఎత్తుతో పనిలేదు, నడుము పైభాగమే లెక్క. ఎందుకంటే కాళ్లెంత పొడవున్నా పడవలో కూర్చునే ఉంటాం కదా. మెత్త లేని కుర్చీలో నిటారుగా కూర్చుని, కుర్చీ చెక్క నుంచి ముక్కు దాకా టేపుతో కొలవండి. తెడ్డు కర్ర సుమారుగా అంత పొడవుండాలి. రెక్క పొడవు ఇందులోకి రాదు. టేపు లేకపోతే తెడ్డుని తలకిందులు చేసి పిడిని కుర్చీ మీద ఆనించండి. కర్ర, రెక్క కలిసే చోటు ముక్కు దగ్గరికి రావాలి.

పిల్లల సంగతి

పెద్దల తెడ్డు పిల్లలకి ఇవ్వకూడదు. వాళ్లకి పొట్టిగా, తేలిగ్గా, చిన్న రెక్కలతో ఉన్నది కావాలి. పట్టు కూడా సన్నగా ఉండాలి, లేకపోతే చిన్న వేళ్లకి అందదు. అలసిపోయిన పిల్లాడు ఒడ్డుకి దూరంగా ఉంటే సరదా కాస్తా భయమవుతుంది.

కొనేముందు

బరువు కూడా చూడండి. నిమిషానికి 30 సార్లు తెడ్డు వేసినా గంటకి 1,800 సార్లు. ప్రతిసారీ ఆ బరువు మోసేది మన చేతులే. అల్యూమినియం, ప్లాస్టిక్ తెడ్లు చవక, కానీ బరువు. ఫైబర్‌గ్లాస్ తేలిక, కార్బన్ ఇంకా తేలిక, ధర కూడా అలాగే పెరుగుతుంది. భార్యాభర్తలు ఒకే తెడ్డు వాడుకుంటామంటే పొడవు మార్చుకునే వీలున్న రకం కొంటే డబ్బు కలిసొస్తుంది.

అద్దెకి తీసుకునేవాళ్లు పడవ వెడల్పెంత, తెడ్డు ఎన్ని సెంటీమీటర్లు అని ఆ రెండూ కౌంటర్ దగ్గరే అడగండి. ఒడ్డు దగ్గరే నాలుగుసార్లు వేసి చూడండి. వేళ్లు అంచుకి తగిలినా, పడవ వంకర తిరిగినా వెంటనే మార్చమనండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు. చెరువు మధ్యకి వెళ్లాక మార్చుకుందామంటే కుదరదు కదా.